రోడ్డు దాటించిన మనిషి

రాజమ్మ పోయిన పన్నెండో రోజు పొద్దున, దినాల వంట గిన్నెలు ఇంకా టెంటుహౌస్ వాళ్ళు తీసుకుపోకముందే, కాలనీ సంఘం అధ్యక్షుడు రామమోహనరావు వచ్చి కూర్చున్నాడు. ఆయనది భీమవరం దగ్గర ఊరు. ముప్పయ్యేళ్ళ కింద దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పడానికి వచ్చి, చంపాపేట్ దాటాక సాగర్ రోడ్డు పక్కనున్న ఈ కాలనీలో ఇల్లు కట్టుకుని ఇక్కడివాడే అయిపోయాడు. రిటైరయ్యాక ఎవరింటి ముందు పైపు పగిలినా ఆయనే ముందు నిలబడతాడు.

“ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో సంతాపసభ పెడదామనుకుంటున్నామమ్మా. మీ ఇంట్లోంచి ఎవరైనా నాలుగు మాటలు చెబితే బాగుంటుంది,” అన్నాడు వాసంతితో.

వాసంతి రాజమ్మకు ఒక్కగానొక్క కోడలు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. రోజుకు యాభై అరవై మందికి సూది గుచ్చి రక్తం తీస్తుంది, చెయ్యి వణకదు. పదిమందిలో మాట్లాడమంటే మాత్రం ఆమెవల్ల కాదు.

“ఆయన్ని అడగండి సార్,” అంది మొగుడివైపు చూపిస్తూ.

మధు తల అడ్డంగా ఊపాడు. “నాతోని కాదు సార్. మైకు పట్టుకుంటె ఏడుపొస్తది.”

అరుగు మీద కుర్చీలో కూర్చున్న శంకరయ్యను అడగకముందే ఆయన చెప్పేశాడు. “ముప్పయ్యేండ్లు గిరాకీలకు చీరలు చూపిచ్చిన సారూ. అంచు ఇట్లుంది, కొంగు ఇట్లుంది, గదే మాట్లాడొస్తది నాకు. ఇంకేం రాదు.”

“అందుకే వాసంతమ్మనే అడుగుతున్నా,” అన్నాడు రామమోహనరావు. “పద్దెనిమిదేళ్ళు ఆవిడతో ఒకే ఇంట్లో ఉన్నారు. రోడ్డు సంగతి చెప్పండి, చాలు. పధ్నాలుగేళ్ళపాటు ఆవిడ అక్కడ ఎందుకు నిలబడ్డారో మా అందరికంటే మీకే బాగా తెలుసుంటుంది కదా.”

ఆయన మామూలుగానే అన్నాడు.  కాని అత్త ఎందుకు నిలబడిందో వాసంతికి నిజంగానే తెలుసు. ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

“సరే సార్,” అంది చివరికి.

*

రాజమ్మ పోచంపల్లి దగ్గర పల్లెలో, నేతపని చేసే సాలోళ్ళ ఇంట పుట్టింది. ఏడేళ్ళ వయసు నుంచే చిటికి కట్టేది. అంటే, రంగు అంటకూడని చోట నూలును చిన్న చిన్న రబ్బరు ముక్కలతో బిగించి కట్టడం. ఆ పనివల్లనేమో, ముసలితనంలో కూడా ఆమె ముడి వేస్తే విప్పడం ఎవరి తరమూ అయ్యేది కాదు. పదిహేడో యేట శంకరయ్యను చేసుకుంది. మగ్గం మీద ఇల్లు గడవని రోజులొచ్చి, మధుకు పదేళ్ళున్నప్పుడు పట్నం వచ్చారు. శంకరయ్య దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో చేరాడు. రాజమ్మ ఇంట్లో మిషను పెట్టుకుని చీరలకు ఫాల్, పీకో కుట్టడం మొదలుపెట్టింది. అప్పట్లో ఈ కాలనీలో సగం ప్లాట్లు ముళ్ళచెట్లే. వీళ్ళది గల్లీ మొగదల ఇల్లు. అరుగు మీద నుంచి ఇరవై అడుగులు వేస్తే సాగర్ రోడ్డు.

అత్తగారు పక్షవాతం వచ్చి మంచాన పడితే ఆరేళ్ళు ఎత్తిపోసింది రాజమ్మ. ఆ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ముసలమ్మ వీపు మీద పుండు పడలేదు. ఆ మాట డాక్టరే అందరికీ చెప్పేవాడట. అట్లని ఆమె మెత్తటి మనిషేమీ కాదు. నోరు పెద్దది. ఎవరింట్లో పిల్లవాడు బడి ఎగ్గొట్టినా ఆపి అడిగేది. కాలనీలో బతుకమ్మ ఆడే జాగాకు ఒకాయన కంచె వేస్తుంటే నలభైమంది ఆడవాళ్ళను తీసుకుపోయి, గుంతలు తవ్వినచోటే కూర్చుంది. గడ్డపారలు పట్టుకున్న కూలీలకు మజ్జిగ కూడా పోయించింది. మూడోరోజు ఆ పెద్దమనిషే వచ్చి మాట్లాడుకుని, బతుకమ్మకు జాగా వదిలి మిగతాది కట్టుకున్నాడు.

రోడ్డు సంగతి రెండువేల మూడులో మొదలైంది.

బడి రోడ్డుకు అవతల ఉండేది. బడులు తెరిచిన రెండో వారంలో, ఎదురింటి ఈరమ్మ కూతురు మంజుల, నాలుగో తరగతి పిల్ల, రోడ్డు దాటుతుంటే లారీ కొట్టేసింది. అక్కడికక్కడే పోయింది. ఈరమ్మ మొగుడు అంతకు రెండేళ్ళ ముందే జ్వరంతో పోయాడు. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఉన్నది ఆ పిల్ల ఒక్కతే.

కాలనీవాళ్ళు రెండు గంటలు రోడ్డు మీద బైఠాయించారు. పెద్దలు వచ్చారు, సిగ్నల్ పెడతామని మాటిచ్చారు, వెళ్ళారు. నాలుగో రోజు పొద్దున ఎనిమిదింటికి రాజమ్మ ఒక కట్టెకు ఎర్రగుడ్డ కట్టుకుని రోడ్డు మీదికి పోయింది. పిల్లలు పోగయ్యేదాకా ఆగి, గుడ్డ ఊపుతూ నడిరోడ్డుకు నడిచి, రెండు చేతులూ చాచి నిలబడింది. పిల్లలు దాటారు. మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకో గుంపు కోసం ఆగింది. తొమ్మిదింటికి ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంది. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ పోయింది.

మొదట్లో లారీవాళ్ళు బూతులు తిట్టేవాళ్ళు. ఒక కానిస్టేబుల్ “ఏందమ్మా నీ లొల్లి, పక్కకు జరుగు” అని కసిరాడు. శంకరయ్య దుకాణం యజమాని బండి మీద పోతూ చూసి, “నీ భార్య ట్రాఫిక్ల చేరిందా ఏంది?” అని నవ్వాడు. అప్పుడే ఉద్యోగంలో చేరిన మధుకు తలకొట్టేసినట్టయింది. “అమ్మా, నా దోస్తులు చూస్తున్నరే,” అన్నాడు. “చూడనీ. కండ్లున్నది చూడనీకే,” అంది రాజమ్మ.

నెల తిరిగేసరికి ఇబ్రహీంపట్నం రూటు బస్సు డ్రైవర్లు దూరం నుంచే వేగం తగ్గించడం మొదలుపెట్టారు. వాళ్ళు ఆపితే వెనకవాళ్ళకు ఆపక తప్పేది కాదు. అప్పుడప్పుడు ఎవరో ఒక డ్రైవరు కిటికీలోంచి “అమ్మా, ఇంక మాక్కూడ జర తొవ్వ ఇయ్యి” అని అరిచేవాడు.

బిడ్డ పోయినప్పటి నుంచి ఈరమ్మ రాజమ్మతో మాట్లాడలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేది. దుఃఖంలో ఉంది, ఎవరితో మాట్లాడుతుందిలే అనుకున్నారు అందరూ. సరిగ్గా ఏడాదికి, మళ్ళీ బడులు తెరిచిన రోజున, ఈరమ్మ రోడ్డుకు అవతల పక్కన వచ్చి నిలబడింది. ఆమె చేతిలో కూడా ఒక ఎర్రగుడ్డ ముక్క ఉంది.

“ఆ మలుపు తిరిగొచ్చే బండ్లు నీకు కానరావు రాజక్కా. ఇటునుంచి నాకు కానొస్తయి,” అంది. అంతే. తర్వాత పదమూడేళ్ళు ఇవతల రాజమ్మ, అవతల ఈరమ్మ. హాస్టల్లో పొద్దుటి వంట వేరొకరికి అప్పజెప్పి, మధ్యాహ్నం, రాత్రి వంటలకు మారింది ఈరమ్మ ఇందుకోసమే.

*

వాసంతి రెండువేల ఆరులో సైదాబాద్ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. వచ్చిన వారానికే ఆమెకు అర్థమైంది, ఈ ఇంట్లో ఎనిమిది నుంచి తొమ్మిది దాకా అత్త ఉండదని. ఆ గంటలోనే టిఫిన్, ఆ గంటలోనే మామకూ మొగుడికీ డబ్బాలు, ఆ గంటలోనే తన డ్యూటీకి తయారవడం. పైగా అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు. ఆధార్ కాగితం పట్టుకుని ఒకామె, కోడలు కొట్టిందని ఒక ముసలామె. వాళ్ళకు చాయ్ పెట్టేది ఎవరు? వాసంతే. “ఇల్లా, సత్రమా ఇది?” అని పుట్టింటికి పోయినప్పుడు తల్లితో అనేది.

రెండువేల ఎనిమిది జూలైలో వాసంతికి ఏడో నెల. రాత్రంతా వాన కురిసి తెల్లారినా వదల్లేదు. రాజమ్మకు జ్వరం. ల్యాబ్ మనిషి కాబట్టి వాసంతి థర్మామీటర్ పెట్టి చూసింది. నూటరెండు.

“అత్తమ్మా, ఇయ్యాల పోవద్దు నువ్వు. పండుకో.”

“పిల్లలు పోతరు గద.”

“ఒక్కరోజు వాళ్ళ అమ్మలు దాటిచ్చుకుంటరు. ఈ ఊరంత నీ ఒక్కదానికే రాసిచ్చిన్రా?”

రాజమ్మ తలుపు వెనకున్న కట్టె కోసం చెయ్యి చాచింది. వాసంతికి ఒళ్ళు మండింది. ఆ కట్టెను తనే లాక్కుంది.

“సరే. నేనే పోత.”

గొడుగు తీసుకుని, పొట్ట పట్టుకుని మెట్లు దిగింది. గేటు దాకా పోయిందో లేదో, వెనక నుంచి వచ్చి జబ్బ పట్టుకుంది రాజమ్మ. నూటరెండు జ్వరంలో ఆ మనిషికి అంత బలం ఎక్కడిదో తెలియదు. వేళ్ళు దిగబడ్డాయి.

“నువ్వు రోడ్డు మీదికి పోవద్దు బిడ్డా. నీకు దండం పెడ్త.”

“మరి నువ్వెందుకు పోవాలె? చెప్పు, నాకియ్యాల తెల్వాలె.”

వాన ఇద్దరి మీదా పడుతోంది. మధు, శంకరయ్య ఆ రోజు ముందే వెళ్ళిపోయారు. రాజమ్మ ఎదురింటి వైపు ఒకసారి చూసింది. ఈరమ్మ ఇంటి తలుపు మూసి ఉంది.

“గా పిల్లను నేనే చంపిన,” అంది.

వాసంతికి జ్వరంలో మాట తడబడుతోందేమో అనిపించింది. అరుగు మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. కొంగుతో తల తుడిచింది. రాజమ్మ కళ్ళు స్పష్టంగానే ఉన్నాయి. ఆగి ఆగి చెప్పింది.

ఆ రోజు ఆమె ఇదే అరుగు మీద కూర్చుని ఒక పట్టుచీరకు ఫాల్ కుడుతోంది. పెళ్ళివాళ్ళ చీర, పదింటికల్లా కావాలన్నారు. మంజుల ఆలస్యంగా పరుగెత్తుకొచ్చింది. లేటుగా వచ్చినవాళ్ళను ఆ బడిలో ఎండలో నిలబెట్టేవారు. పిల్లకు అదే భయం. రోడ్డు అంచున ఆగి, “పెద్దమ్మా, బెల్లయిందా?” అని అడిగింది.

“నా నోట్లె దారమున్నది. చీర మీదికెల్లి తల ఎత్తలే. ‘అయితున్నది, ఉరుకు బిడ్డా, ఉరుకు’ అన్న. రోడ్డు దిక్కు చూడనే లేదు నేను. చూడకుంటనే ఉరుకుమన్న. గా పిల్ల నా మాట మీద ఉరికింది.”

“తప్పు లారీవాడిది అత్తమ్మా.”

“లారీవోని తప్పు లారీవోనిదే. నా మాట నాది.”

 రాజమ్మే మళ్ళీ అంది, “ఎవ్వరికి చెప్పలే. మీ మామకు గూడ. ఈరమ్మకు ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? వచ్చి నా ముంగట నిలవడ్డది. గటుపక్క నిలవడి తన పిల్లను జూసుకున్నట్టు అందరి పిల్లలను జూస్తది. ఆమెను జూసినప్పుడల్ల నాకు నోరు పడిపోతది.”

వాసంతి లోపలికి వెళ్ళి జ్వరం మాత్ర తెచ్చి మింగించింది. రామమోహనరావుకు ఫోన్ చేసి, ఇవాళ అత్తకు బాగాలేదు, మీరు కొంచెం రోడ్డు దగ్గరికి పోతారా అని అడిగింది. కిటికీలోంచి చూస్తే, ఆయన ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఎర్రగుడ్డ పట్టుకుని, నడిరోడ్డు మీద బిక్కచచ్చి నిలబడ్డాడు. అవతలి పక్క నుంచి ఈరమ్మ “ఇటు జూడు సారూ, ఇటు!” అని కేకలు పెడుతోంది.

ఆ రోజు నుంచి వాసంతి పొద్దున ఎనిమిదింటి పని గురించి గొణగలేదు. అత్త చెప్పిన మాట ఎవరికీ చెప్పలేదు కూడా. అక్టోబర్‌లో కూతురు పుట్టింది. ఆ పిల్ల కూడా పెరిగి, నాయనమ్మ చాచిన చేతుల వెనక నుంచే రోడ్డు దాటి బడికి పోయింది.

సిగ్నల్ కోసం అర్జీలు రామమోహనరావు రాసేవాడు, రాజమ్మ పట్టుకుపోయి ఇచ్చేది. ఆమెకు సంతకం తప్ప రాదు. కాని ఏ కాగితం ఏ టేబుల్ మీద ఉందో, ఆ టేబుల్ ముందు కూర్చునే ఆయన ఎన్నింటికి చాయ్‌కి లేస్తాడో అన్నీ తెలుసు. ఎన్ని అర్జీలో అయ్యాక, రెండువేల పదిహేడులో సిగ్నల్ వచ్చింది. అది వచ్చిన మొదటి వారం కూడా ఇద్దరాడవాళ్ళూ పోయి, లైటు కింద నిలబడి, ఎర్రలైటు పడిందా లేదా అని తలెత్తి చూశారు. తర్వాత మానేశారు.

మూడేళ్ళ కింద రాజమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. పరీక్షలకు రక్తం ఇంట్లోనే వాసంతి తీసేది. పోవడానికి నెల ముందు, ఒక పొద్దున సూది గుచ్చుతుంటే రాజమ్మ అంది, “ఈరమ్మకు చెప్పాలె వాసంతీ. ఎట్లన్న చెప్పాలె.”

“పిలువనా?”

“నేనే చెప్త.”

ఈరమ్మ రెండుసార్లు చూడడానికి వచ్చింది. రెండుసార్లూ పక్కనే కూర్చుని, కాళ్ళు పిసికి, ఏదేదో మాట్లాడి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక రాజమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

“నాతోని కాలే,” అంది. “నేను పోయినంక నువ్వు చెప్పు. లేకుంటె చెప్పకు. నీకెట్ల తోస్తె గట్ల.”

*

ఆదివారం సాయంత్రానికి కమ్యూనిటీ హాలు నిండిపోయింది. ఎల్బీనగర్, తుర్కయంజాల్ వైపు ఇళ్ళు మారిపోయినవాళ్ళు కూడా వచ్చారు. స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద రాజమ్మ ఫొటో, కింద ‘సేవామూర్తి’ అని పెద్ద అక్షరాలు. ఆ మాట చదివితే అత్త ఏమనేదో ఊహించుకుని వాసంతి ముఖం పక్కకు తిప్పుకుంది.

రామమోహనరావు ముందు మాట్లాడాడు. “ఆవిడ పధ్నాలుగేళ్ళు చేసిన పని నేనొక్కరోజు చేశాను. నలభై నిమిషాలు. ఆ సాయంత్రానికి నాకూ జ్వరం వచ్చింది,” అంటే జనం నవ్వారు. రిటైరైన బస్సు డ్రైవర్ ఒకాయన వచ్చి, తన సర్వీసులో రెడ్ సిగ్నలైనా దాటాడేమో గాని ఆమె గుడ్డను ఎన్నడూ దాటలేదన్నాడు. చిన్నప్పుడు రాజమ్మ దాటించిన ఒక పాతికేళ్ళ అమ్మాయి చంటిబిడ్డను చంకనేసుకుని మైకు ముందుకొచ్చి, దండం పెట్టి వెళ్ళిపోయింది.

వాసంతి పేరు పిలిచారు. ఆమె కాగితం మీద ఎనిమిది వాక్యాలు రాసుకుంది. రెండో వరసలో ఈరమ్మ కూర్చుని ఉంది. ఇప్పుడామెకు అరవై దాటాయి, వీపు వంగింది.

వాసంతి అత్త ఆరేళ్ళు ముసలమ్మకు చేసిన చాకిరీ చెప్పింది. కూరలో ఉప్పు తక్కువైతే ఆమె గిన్నె జరిపేసే తీరు చెప్పింది. ముందు వరసలో శంకరయ్య ముఖంలో కొంచెం నవ్వు కనిపించింది. తన కాన్పప్పుడు రెండు రాత్రులు ఆమె ఆసుపత్రి వరండాలో నిలబడే ఉందని చెప్పింది. కాగితంలో చివరి వాక్యం మిగిలింది. ‘పిల్లల మీద ప్రేమతో ఆమె రోడ్డు మీద నిలబడింది’ అని రాసుకుంది. చదవబోతే నోరు రాలేదు. అది అబద్ధం కాదు. కాని నిజం మొత్తం కూడా కాదు. ఇంతమంది ముందు అసలు సంగతి చెబితే ఈరమ్మ ఏమైపోతుంది? చెప్పకపోతే, అత్త అప్పగించిన మాట ఏమైపోతుంది?

“మా అత్తమ్మ ఎందుకు నిలవడ్డదంటే...” అని ఆగిపోయింది.

 రామమోహనరావు మంచినీళ్ళ సీసా అందించబోయాడు. అప్పుడు రెండో వరసలో నుంచి ఈరమ్మ లేచింది.

“నువ్వు కూసో బిడ్డా. నేను చెప్త.”

మెల్లగా నడిచి వచ్చింది. మైకు ఇస్తే వద్దంది. గొంతు చిన్నదే, అయినా వెనక వరస దాకా వినిపించింది.

“నా బిడ్డ సచ్చిపోయిన్నాడు, రాజక్క అరుగు మీద కూసొని బట్ట కుడుతున్నది. నా బిడ్డ బెల్లయిందా అనడిగింది. రాజక్క ఉరుకు అన్నది. నేను మా గల్మల్ల, తలుపు కాడ నిలవడి విన్న.”

 వాసంతి కుర్చీ వీపు పట్టుకుంది. ముందు వరసలో మధు తండ్రివైపు చూశాడు. శంకరయ్య కదల్లేదు.

“ఏడాది దాక రాజక్క మొఖం చూడలే నేను. కడుపుల ఎన్ని తిట్లు తిట్టుకున్ననో గా దేవునికెరుక. కాని ఒక మాట చెప్పాలె. నా బిడ్డకు ఆలస్యం ఎందుకైంది? హాస్టల్ కెల్లి లేటుగొచ్చి నేను జడలేసిన. నేనే గల్మల్ల నిలవడి, ‘జల్ది ఉరుకు’ అని ఎనకనుంచి మొత్తుకున్న. రాజక్క కన్న ముందు అన్న. బట్ట కుట్టే ధ్యాసల ఆమెకు ఇనవడలేదు. ఉరుకుమన్నది తనొక్కతే అనుకున్నది. ఇద్దరం అన్నం.”

కొంగుతో మూతి తుడుచుకుంది. ఏడవడం లేదు.

“గా మాట నేను చెప్తే ఆమెకు సగం బరువు దిగుతుండె. చెప్పలే. మొదాలు పగ కొద్ది చెప్పలే. ఎనక సిగ్గు కొద్ది చెప్పలే. పదమూడేండ్లు రోడ్డుకు గటు నేను, గిటు ఆమె. ఒక్కనాడన్న చెప్పకపోతిని. మంచమ్మీద పడ్డప్పుడు రెండుసార్లు నోరు తెరిచింది, నాకు చెప్తానికే. నాకు సమజైంది. నేనే మాట మార్చిన. ఇయ్యాల ఇంతమంది ముంగట చెప్తున్న. ఆమె ఇంటదో ఇనదో నాకు తెల్వదు.”

అంతే చెప్పి, వచ్చినంత మెల్లగా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమె భుజం పట్టుకున్నారు. రామమోహనరావు లేచి, “రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం,” అన్నాడు. అందరూ లేచారు. మధ్యలో ఎవరిదో ఫోన్ మోగింది. ఆ మనిషి గాభరాగా దాన్ని ఆపడానికి అరనిమిషం పట్టింది. రెండు నిమిషాలు అట్లా అయిపోయాయి.

చాయ్ ఇస్తుండగా వాసంతి ఈరమ్మ పక్కన కూర్చుంది.

“అత్తమ్మ నన్ను చెప్పుమన్నది పెద్దమ్మా. నేను చెప్పలేకపోయిన.”

“నువ్వెట్ల చెప్తవ్ బిడ్డా? మా ఇద్దరి ముచ్చట అది,” అంది ఈరమ్మ. చాయ్ కప్పు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ తాగింది. తర్వాత వాసంతి ఆమెను ఇంటి గేటు దాకా తీసుకుపోయి దింపింది. దారిలో ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. రేషన్ బియ్యంలో ఈసారి నూకలెక్కువ వచ్చాయని ఈరమ్మ చెప్పింది.

 ఆ రాత్రి పడుకోబోయే ముందు మధు, “సిగ్గుపడ్డ నేను, అమ్మ అట్ల నిలవడితే,” అన్నాడు. వాసంతి దగ్గరికి జరిగింది. అతని వీపు మీద చెయ్యి వేసింది.

మర్నాడు పొద్దున వాసంతి చాయ్ తీసుకుని అరుగు మీదికి వచ్చేసరికి, శంకరయ్య అప్పటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

“నీకు ఎరుకేనా?” అని అడిగాడు.

“ఎరుకే మామయ్యా.”

“ఎప్పటికెల్లి?”

“పిల్ల కడుపుల ఉన్నప్పటికెల్లి.”

ఆయన రోడ్డు వైపు చూశాడు. “యాభై రెండేండ్ల సంసారం. నాకు చెప్పలే.”

“మీరు బాధపడ్తరని...”

“గదేం కాదు.” శంకరయ్య తల ఊపాడు. “నాకు చెప్తే నేనేమంటుంటి? ‘అయ్యిందేదో అయ్యింది, ఊకో’ అంటుంటి. రెండోసారి గూడ గదే అంటుంటి. ఊకో అంటె ఆమెకు నచ్చదు. ఊకునే మనిషి కాదు.” చాయ్ గ్లాసు అందుకున్నాడు. “నీకన్న చెప్పింది. మంచిగ చేసింది.”

చాయ్ తాగేసి, గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకున్నాడు.

“టిఫిన్ చేసి పోండి, ఉప్మా అయింది.”

“వచ్చి తింట. జర ఎదురింటికి పోయొస్త.”

ఇన్నేళ్ళలో ఆయన ఈరమ్మ ఇంటి గడప తొక్కినట్టు వాసంతికి గుర్తులేదు. ఆడవాళ్ళ రాకపోకలే తప్ప ఆయన తనంతట తాను ఎక్కడికీ పోయేవాడు కాదు. గల్లీ దాటి, ఆ గేటు ముందు ఒక్క క్షణం ఆగి, చొక్కా సరిచేసుకున్నాడు.

“ఈరమ్మా, ఇంట్ల ఉన్నవా?” అని పిలిచాడు.

లోపలి నుంచి “ఉన్న బావా, రా” అని గొంతు వినిపించింది. వాసంతికి డ్యూటీ టైమవుతోంది. లోపలికి వెళ్ళి డబ్బాలో ఉప్మా సర్దుకుంది.